డ్రైవ్‌లు కనబడలేదంటే డిస్క్ పోయినట్టేనా?

ప్రశ్న: విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటాను. ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరును. నాలుగేళ్ల క్రితం కొన్న ల్యాప్‌టాప్ (ఇంటెల్ 11వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ) బాగా నెమ్మదించింది. మా తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో విండోస్ 11 తెచ్చి కొత్తగా వేయబోయాడు. డిస్క్ ఎంచుకోవలసిన చోట, డ్రైవ్‌లు ఏవీ కనబడలేదు, స్టోరేజ్ డ్రైవర్ కోసం ‘లోడ్ డ్రైవర్’ నొక్కండి అని ఇంగ్లిషులో వచ్చి ఆగిపోయింది. డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకు తీసుకెళ్తే పది నిమిషాలు చూసి, హార్డ్ డిస్క్ పోయింది, కొత్తది వేయాలి, పాత డేటా రాదు అన్నారు. ఇంటికి తెచ్చి పెన్‌డ్రైవ్ లేకుండా ఆన్ చేస్తే పాత విండోస్ మామూలుగానే తెరుచుకుంది! బయోస్‌లో ఒక సెట్టింగు ఆపేస్తే చాలని మా తమ్ముడు అంటాడు. షాపువాళ్లకన్నా మీకు ఎక్కువ తెలుసా అని మావారు అంటారు. డీ డ్రైవ్‌లో పదేళ్ల ప్రశ్నపత్రాలు, మా పాప చిన్నప్పటి ఫొటోలు ఉన్నాయి. ఎవరి మాట వినాలి?

సమాధానం:

టీచరు గారూ, షాపు పది నిమిషాల్లో తేల్చిన విషయాన్ని మీ ఉత్తరంలోని ఒక్క వాక్యం తిరగగొట్టేసింది. పాత విండోస్ మామూలుగానే తెరుచుకుంది అని రాశారు. ఆ విండోస్ ఉన్నది ఆ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్) మీదనే. ఎస్‌ఎస్‌డీ నిజంగా పోయి ఉంటే మీకు విండోస్ గుర్తు కూడా కనబడేది కాదు. నల్లటి తెర మీద, బూట్ చేయడానికి (అంటే విండోస్ మొదలుపెట్టడానికి) పరికరం దొరకలేదని ఒక ముక్క రాసి ఊరుకునేది. కాబట్టి డిస్క్ బతికే ఉంది. మీ పాప ఫొటోలు కూడా ఉన్నాయి.

షాపువాళ్లు మోసం చేశారని నేను అనను. బహుశా వాళ్ల పెన్‌డ్రైవ్ గుచ్చి, మీ తమ్ముడికి వచ్చిన సందేశమే వాళ్లకూ వస్తే, డిస్క్ లేదు కనుక పోయింది అనుకుని ఉంటారు. పదేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌లకు ఆ తర్కం చాలావరకు సరిపోయేది. ఇప్పటివాటికి సరిపోదు. ఎవరైనా డిస్క్ పోయింది అంటే ఒకటే అడగండి: ‘బయోస్ తెరిచి చూపించండి’. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 (హెచ్‌పీ అయితే ఎఫ్10) మీటను టకటకా నొక్కుతూ ఉంటే వచ్చే తెర అది. అందులో ఎస్‌ఎస్‌డీ పేరో, నంబరో, 512 జీబీ అన్న మాటో కనబడితే, డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మాటలు నడుస్తున్నట్టే. అక్కడ కూడా లేకపోతే అప్పుడు దిగులు పడదాం.

ఇక మీ తమ్ముడి సంగతి. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ ఇవాళ మీరు చేయవలసిన పని అది కాదు. ముందు డేటా.

డీ డ్రైవ్ అంటే వేరే డిస్క్ అనుకుని చాలామంది దెబ్బతింటారు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒక్కటే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. సీ, డీ దానిలోనే గీత గీసి పంచిన రెండు వాటాలు. పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ వేసేటప్పుడు తెర మీద సీ, డీ అనే అక్షరాలు కనబడవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, 2, 3, 4 అని అంకెలే ఉంటాయి. గుచ్చిన పెన్‌డ్రైవ్ కూడా అదే జాబితాలో చేరుతుంది. పాతవన్నీ తీసేద్దాం అని ఒక్కొక్కటీ డిలీట్ కొడుతూ పోతే నాలుగో నొక్కుకు పదేళ్ల ప్రశ్నపత్రాలు పోతాయి. ఇక షిఫ్ట్, ఎఫ్10 నొక్కి నల్లటి కమాండ్ తెరలో ‘డిస్క్‌పార్ట్’, ఆ తర్వాత ‘క్లీన్’ కొట్టమని సలహా ఇచ్చే వీడియోలు చాలా ఉన్నాయి. క్లీన్ అన్న ఆ చిన్న మాట డిస్క్ మీది పార్టిషన్లన్నిటినీ ఒకే దెబ్బకు తుడిచేస్తుంది. నిజంగానా అని మిమ్మల్ని అడగను కూడా అడగదు.

విండోస్ తెరుచుకుంటోంది కనుక ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని గానీ అడిగి తెచ్చుకుని గానీ డీ డ్రైవ్ మొత్తం, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు కాపీ చేయండి. తర్వాత ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు గుచ్చి నాలుగైదు ఫొటోలు, రెండు మూడు ప్రశ్నపత్రాలు తెరిచి చూడండి. కాపీ అయింది అనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు.

డేటా భద్రమయ్యాక అసలు మాటకు వద్దాం: మీకు పెన్‌డ్రైవ్‌తో పనేమిటి? ఇంట్లోకి వెళ్లడానికి తాళంచెవి చేతిలో ఉండగా మీ తమ్ముడు గోడ దూకబోయాడు. విండోస్ పనిచేస్తున్నప్పుడు దాన్ని కొత్తగా వేసుకునే దారి దానిలోనే ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరవండి. ప్రస్తుతం ఉన్నది విండోస్ 11 అయి, అప్‌డేట్లు సరిగా పడుతూ ఉంటే, అక్కడ విండోస్ అప్‌డేట్ ద్వారా సమస్యలు సరిచేయండి అన్న అర్థంతో ఒక అంశం, పక్కన ‘రీఇన్‌స్టాల్ నౌ’ అన్న బటన్ ఉంటాయి. అది విండోస్‌ను మళ్లీ దించుకుని వేస్తుంది. మీ ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు అలాగే ఉంచుతుంది. ముందు దాన్ని ప్రయత్నించండి. కొన్నిసార్లు నెమ్మదితనం అక్కడితో తీరుతుంది.

తీరకపోతే దాని దగ్గరే ‘రీసెట్ దిస్ పీసీ’ ఉంటుంది. ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే మీ ఫైళ్లు ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అంటే పేరులోనే ఉంది. తర్వాత క్లౌడ్ నుంచి దించుకోవాలా, లోపల ఉన్నదానితో వేయాలా అని అడుగుతుంది. పాత విండోస్ పాడైందని అనుమానం ఉంటే క్లౌడ్ మేలు, కానీ సుమారు 4 జీబీ డేటా ఖర్చవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టకండి. ఛార్జర్ గుచ్చి ఉంచండి. కరెంటు ఊగిసలాడే గాలివాన రోజు ఎంచుకోకండి.

ఈ దారిలో ‘డ్రైవ్‌లు కనబడలేదు’ అన్న గొడవే రాదు. ఎందుకు రాదో చెబితే, పెన్‌డ్రైవ్‌కు ఎందుకు వచ్చిందో కూడా తెలుస్తుంది.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లతో, అంటే 2020 నుంచి, ల్యాప్‌టాప్‌లలోకి వీఎండీ అనే ఏర్పాటు వచ్చింది. వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్ అని పూర్తి పేరు. అంతకుముందు ఇది సర్వర్లలో ఉండేది. ఎస్‌ఎస్‌డీ నేరుగా విండోస్‌తో మాట్లాడకుండా ప్రాసెసర్‌లోని ఈ వీఎండీ మధ్యలో నిలబడుతుంది. మన పోర్టు సంగతే చూడండి. రేవులో ఓడ ఉంటుంది, ఓడలో సరుకు ఉంటుంది. పాసు లేనివాడిని గేటు దగ్గరే ఆపేస్తారు. వాడు వెనక్కి వచ్చి రేవులో ఓడే లేదంటే మనం నమ్ముతామా? ఆ పాసు పేరు ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ (ఆర్‌ఎస్‌టీ) డ్రైవర్. మీ ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్లు ఫ్యాక్టరీలోనే దాన్ని విండోస్‌లో కలిపి ఇచ్చారు కనుక పాత విండోస్‌కు డిస్క్ కనబడుతోంది. మైక్రోసాఫ్ట్ దగ్గర దించుకున్న పెన్‌డ్రైవ్‌లో ఆ డ్రైవర్ లేదు కనుక దానికి కనబడలేదు. మీ ల్యాప్‌టాప్‌లో జరిగింది ఇంతే.

సందేశమే ‘లోడ్ డ్రైవర్ నొక్కండి’ అని మందు కూడా చెబుతోంది. ఆ వాక్యం చివరి సగాన్ని ఎవరూ చదవరు. (పిల్లలు ప్రశ్నపత్రంలో ‘ఏవైనా మూడు’ అన్నది చదవకుండా అయిదూ రాసేస్తారని మీరు తలపట్టుకునే ఉంటారు.)

రేపెప్పుడైనా విండోస్ అసలే తెరుచుకోక, పెన్‌డ్రైవే గతి అయితే ఏమి చేయాలో కూడా చెబుతాను. దానికి ఇవాళే చిన్న ఏర్పాటు చేసి పెట్టుకోవచ్చు. కావలసిన డ్రైవర్ మీ కంప్యూటర్‌లోనే ఉంది. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్‌స్టోర్, ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డర్లలోకి వరుసగా వెళ్లండి. వందల ఫోల్డర్లు కనబడతాయి, కంగారు పడకండి. అక్షర క్రమంలోనే ఉంటాయి. ‘ఐఏస్టోర్‌వీడీ’ (iaStorVD) అని మొదలయ్యే ఫోల్డర్‌ను మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అక్కడ దేన్నీ తీసేయవద్దు, కాపీ మాత్రమే. లేదంటే ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు ఇచ్చి, స్టోరేజ్ అన్న శీర్షిక కింద ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను దించుకోండి. అన్నిటికన్నా కొత్తది ఏది అని వెతకకండి, మీ మోడల్‌కు ఇచ్చినదే తీసుకోండి. కొత్త డ్రైవర్లు పాత తరాలను వదిలేయడం మామూలే.

దించుకున్నది ఒకే ఒక ఇన్‌స్టాలర్ ఫైలుగా వస్తే, దాన్ని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తే పనికిరాదు. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. విండోస్ సెటప్‌కు కావలసింది విప్పిన ఫైళ్లు, వాటిలోనూ ‘ఐఎన్‌ఎఫ్’ అన్న తోకతో ఉన్న ఫైలు. మీ తమ్ముడు సెవెన్-జిప్ వంటి దానితో విప్పగలడేమో చూడమనండి. అలా రాకపోతే, ఆ ఇన్‌స్టాలర్‌లోనే విప్పే ఆప్షన్ ఉందేమో ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడమనండి.

తర్వాత పని తేలిక. ఆ సందేశం వచ్చిన తెర మీదే ‘లోడ్ డ్రైవర్’, తర్వాత ‘బ్రౌజ్’ నొక్కి ఆ ఫోల్డర్ చూపించాలి. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ అన్న పేరు వస్తుంది. 11వ తరానికైతే దాని వెనుక 9ఏ0బీ అన్న సంకేతం ఉంటుంది. ఎంచుకుని ‘నెక్స్ట్’ కొడితే కొద్దిసేపట్లో 512 జీబీ డిస్క్ దాని పార్టిషన్లతో సహా కనబడుతుంది. జాబితా ఖాళీగా వస్తే ఫైళ్లు విప్పలేదో, వేరే తరం డ్రైవరో అయి ఉంటుంది. డిస్క్ కనబడింది కదా అన్న సంతోషంలో పార్టిషన్లు తీసేయడం మొదలుపెట్టకండి. పైన చెప్పిన అంకెల సంగతి గుర్తుంచుకోండి.

మీ తమ్ముడు చెప్పే దారి ఏమిటంటే, గేటునే తీసేయడం. బయోస్‌లో అడ్వాన్స్‌డ్ విభాగంలో వీఎండీ కంట్రోలర్ అన్నదాన్ని ‘డిజేబుల్డ్’ చేస్తే ఎస్‌ఎస్‌డీ నేరుగా విండోస్‌తో మాట్లాడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న మామూలు డ్రైవరే సరిపోతుంది. ఏసర్‌లో ఇది దాగి ఉంటుంది, మెయిన్ తెర మీద కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. అసుస్‌లో ఎఫ్7 నొక్కి అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లాలి. హెచ్‌పీ ఇళ్లలో వాడుకునే మోడళ్లలో చాలావాటికి ఈ సెట్టింగే ఇవ్వలేదు. వాటికి డ్రైవర్ ఒక్కటే దారి. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్న మీలాంటివారికి వీఎండీ ఆపడం వల్ల నష్టమేమీ లేదు.

కానీ వీఎండీ ఆపిన మరుక్షణం మీ పాత విండోస్ తెరుచుకోదు. నీలం తెరో (కొత్త విండోస్ 11లో నల్లటి తెరో) వచ్చి ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటుంది. పాత విండోస్ ఆ గేటు గుండానే రావడం నేర్చుకుంది మరి. అప్పుడు ‘అయ్యో, పోగొట్టేశాం’ అనుకుని మళ్లీ షాపుకు పరుగెత్తకండి. బయోస్‌లోకి వెళ్లి వీఎండీని తిరిగి ‘ఎనేబుల్డ్’ చేస్తే యథాప్రకారం వస్తుంది. అందుకే చెబుతున్నాను, ఈ దారి మొత్తం తుడిచి కొత్తగా వేసుకోవాలని తేల్చుకున్నాకే.

బయోస్‌లో చేయి పెట్టేముందు ఇంకొకటి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఆన్‌లో ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనకు చెప్పకుండానే అది ఆన్ అయి ఉంటుంది. అలా ఉంటే బయోస్‌లో మార్పు చేశాక 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ల్యాప్‌టాప్ పేరు కింద ఉంటుంది. ముందే తీసి కాగితం మీద రాసుకోండి, అదే ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ ఫైలుగా దాచుకున్నవాళ్లను చూశాను. ఆ కీ లేకపోతే ఎంత ఆరితేరినవాడైనా ఆ డేటాను తెరవలేడు.

ఇదే సందేశంతో తంటాలు పడుతున్న మిగతా పాఠకుల కోసం, బయోస్‌లో కూడా డిస్క్ కనబడని సందర్భం గురించి. ఇంటెల్ కాక ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే వీఎండీ ప్రసక్తే లేదు, ఇంటెల్ డ్రైవర్ కోసం వెతకకండి. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని వేశాక కనబడలేదంటే రకం చూడండి. ఎం.2 అనే సన్నటి బద్ద ఆకారం ఒకటే అయినా లోపల సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. పాత ల్యాప్‌టాప్‌ల స్లాట్లు కొన్ని సాటాను మాత్రమే గుర్తిస్తాయి. ఉన్న డిస్కే ఉన్నట్టుండి మాయమైతే, మన ఊళ్లో నేను మొదట అనుమానించేది సముద్రపు గాలిని. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో కిటికీ ఊచలు ఎలా చిలుమెక్కుతాయో మీకు చెప్పనవసరం లేదు. ఆ ఉప్పు తేమ ల్యాప్‌టాప్ ఫ్యాన్ గుండా లోపలికీ వెళ్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్లాక మా ఇంట్లో కిటికీ పక్కన ఉన్న డెస్క్‌టాప్‌కు డిస్క్ కనబడడం మానేసింది. విప్పితే సాటా కేబుల్ పిన్నుల మీద పచ్చటి చిలుము. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ గుచ్చితే ఇంకో నాలుగేళ్లు నడిచింది. ల్యాప్‌టాప్‌లో అయితే ఎం.2 ఎస్‌ఎస్‌డీని పట్టి ఉంచేది ఒకే ఒక చిన్న స్క్రూ. అది వదులైతే డిస్క్ ఏటవాలుగా లేచి కూర్చుంటుంది. బ్యాటరీ కనెక్టర్ తీసేసి, డిస్క్‌ను ఒకసారి బయటికి తీసి మళ్లీ గట్టిగా గుచ్చితే చాలాసార్లు బయోస్‌లోకి తిరిగి వస్తుంది. చేతనైతేనే విప్పండి, వారంటీ ఉంటే విప్పకండి.

గుండ్రంగా తిరిగే పాత హార్డ్ డిస్క్ టక్కుటక్కుమని చప్పుడు చేస్తూ ఉంటే మాత్రం ఆన్ చేసి చూడడం, మళ్లీ చూడడం ఆపేయండి. ప్రతిసారీ మిగిలినది కూడా గీసుకుపోతుంది. అది డేటా వెలికితీసేవాళ్ల పని.

షాపుకే వెళ్లవలసి వస్తే, మీ ఎదుటే డిస్క్ తీసి, దానికి తగిన యూఎస్‌బీ పెట్టెలో వేసి ఇంకో కంప్యూటర్‌కు గుచ్చి చూపించమనండి. అయిదు నిమిషాల పని. కొత్తది వేయించుకున్నా పాత డిస్క్‌ను షాపులో వదిలేయకండి, అందులో మీ ఇంటి ఫొటోలు ఉన్నాయి.

మావారికి ఏమి చెప్పను అని మీరు అడగలేదు గానీ, విండోస్ తెరిచి డీ డ్రైవ్‌లో పాప ఫొటో ఒకటి చూపించండి.

చివరిగా ఒక పని మరిచిపోవద్దు. మీరు తెలుగు టీచరు కనుక ప్రశ్నపత్రాలు కొన్నయినా అనూ అనే తెలుగు టైపింగ్ ప్రోగ్రాము ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. రీసెట్ చేస్తే ప్రోగ్రాములతో పాటు ఆ ఫాంట్లూ పోతాయి. ఫైళ్లు భద్రంగానే ఉంటాయి గానీ తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి పిచ్చిరాతలా కనబడతాయి. డేటా పాడైందని భయపడకండి. అనూ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు, దాని కీ మీ దగ్గర ఉన్నాయో లేదో రీసెట్‌కు ముందే చూసుకోండి. లేకపోతే ముఖ్యమైన పత్రాలను ఇప్పుడే పీడీఎఫ్‌గా మార్చి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో వేసుకోండి.